గుర్తు తెలియని వెలుగుకి కేసు కట్టేదెవరు?

తెలుగు పేపర్లలో "గుర్తు తెలియని" అనే మాట రోజూ కనిపిస్తుంది. గుర్తు తెలియని శవం, గుర్తు తెలియని వాహనం, గుర్తు తెలియని వ్యక్తులు. జిల్లా పేజీ తిరగేస్తే ఒకటైనా తగలకుండా ఉండదు. ఆ మాట చదివి ఎవరూ నవ్వరు, ఎందుకంటే దాని వెనక ఒక పద్ధతుంది. రైలు పట్టాల పక్కన గుర్తు తెలియని శవం దొరికితే పోలీసులు కేసు కడతారు, పంచనామా చేస్తారు, ఎత్తు, ఒంటిమీది బట్టలు, పుట్టుమచ్చలు రాసి ఫొటో వేయిస్తారు. గుర్తు తెలియని వాహనం గుద్ది మనిషి చనిపోతే, ఆ వాహనం ఎప్పటికీ దొరక్కపోయినా సరే, కుటుంబానికి 2 లక్షల రూపాయలిచ్చే పథకం 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఏమిటో తెలియదు అన్న దగ్గరే మన వ్యవస్థలో ఫైలు మొదలవుతుంది.

ఇప్పుడు అదే మాట పక్కన "వెలుగు" అని పెట్టి చూడండి. గుర్తు తెలియని వెలుగు. వెంటనే పెదవి వంకర తిరుగుతుంది. టీవీ వాళ్ళయితే వెనక ఈలలాంటి మ్యూజిక్ వేసి గ్రహాంతరవాసుల బొమ్మ పెడతారు. మన బోటి వాళ్ళం ఆ వీడియో క్లిప్పుకి ఒక మీమ్ తగిలించి ఫ్రెండ్స్ గ్రూపులో పడేస్తాం. చూసినోడు మాత్రం మధ్యలో ఉండిపోతాడు. వాడు ఏం చూశాడు, ఏ టైముకి, ఏ దిక్కున, ఎంతసేపు అని అడిగి రాసుకునే ఆఫీసంటూ మన దగ్గర ఒకటి లేదు.

ఈ వ్యాసం గ్రహాంతరవాసుల గురించి కాదని ముందే చెప్పేస్తున్నాను. ఉన్నారనే గోల నాకొద్దు. లేరని ఎగతాళి చేసే గోల అంతకంటే వద్దు. నా గొడవ రిజిస్టరు గురించి. మామూలు జనం ఆకాశంలో చూసినదాన్ని విచారించే పని ఎవరిదన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా, ప్రపంచంలో చాలా చోట్ల, అది సైన్యం చేతికి పోయింది. మన దగ్గర కూడా, పోయిందంటే అటే పోయింది. అది తప్పు చేతి కిందికి పోయిందని నా వాదన.

ముందు మాట సంగతి చూద్దాం, ఎందుకంటే పేచీ అక్కడే మొదలైంది. 1947 జూన్ 24న అమెరికాలో కెన్నెత్ ఆర్నాల్డ్ అనే పైలట్ మౌంట్ రెయినియర్ దగ్గర తొమ్మిది మెరిసే వస్తువుల్ని చూశానన్నాడు. అవి ఎలా కదిలాయో చెప్పడానికి ఒక పోలిక వాడాడు: నీటి మీద సాసర్ విసిరితే ఎగిరెగిరి పోయినట్టు అని. మనం చెరువు మీద పెంకు విసురుతామే, అలాంటిదే. అతను చెప్పింది కదలిక గురించి. పేపర్లు దాన్ని ఆకారం చేసి "ఫ్లయింగ్ సాసర్" అని అచ్చేశాయి. మన పత్రికలు దాన్ని "ఎగిరే పళ్ళెం" చేశాయి. ఒక సాక్షి వాడిన పోలికని ఇంగ్లీషు పేపర్లు తప్పుగా చదివితే, ఆ తప్పుని మనం నీటుగా అనువాదం చేసుకుని ఇన్నేళ్ళుగా వాడుతున్నాం. "పళ్ళెం చూశావా?" అని అడిగాక ఇక విచారణ ఏముంటుంది? జవాబు ప్రశ్నలోనే ఉంది. నెల్లూరు జిల్లా పోలీసు కానిస్టేబుల్ వాడే "గుర్తు తెలియని" అన్న మాట దీనికంటే వెయ్యిరెట్లు శాస్త్రీయమైంది. అందులో జవాబు లేదు, జవాబు వెతకాలన్న బాధ్యత ఉంది.

ఇక సైన్యం సంగతి. అమెరికా వైమానిక దళం 1948లో ప్రాజెక్ట్ సైన్ పేరుతో మొదలుపెట్టి, 1952 నుంచి ప్రాజెక్ట్ బ్లూ బుక్ పేరుతో, 1969 చివరిదాకా ఈ రిపోర్టుల్ని విచారించింది. మొత్తం 12,618 రిపోర్టులు. వాటిలో 701 ఏమిటో తేలలేదు. చివరికి చెప్పిందేమిటంటే వీటివల్ల దేశ భద్రతకి ముప్పు లేదు, కాబట్టి దుకాణం మూసేస్తున్నాం అని. బ్రిటన్ రక్షణ శాఖ కూడా 2009లో తన డెస్కునీ హాట్‌లైన్‌నీ మూసేసింది. కారణం అదే: 50 ఏళ్ళ పైబడి వచ్చిన రిపోర్టుల్లో ఒక్కటి కూడా దేశానికి ముప్పున్నట్టు చూపించలేదట.

గమనించండి, చూసిన మనిషి అడిగింది "అదేమిటి?" అని. సైన్యం జవాబిచ్చింది "అది ప్రమాదమా?" అన్న ప్రశ్నకి. రెండూ వేరే ప్రశ్నలు. మా సాఫ్ట్‌వేర్ పనిలో ఈ జబ్బు బాగా తెలుసు. యూజర్ వచ్చి "స్క్రీన్ మీద ఏదో కనిపించి మాయమైంది" అని టికెట్ పెడతాడు. మనం లాగ్స్ చూసి "సర్వర్ బానే ఉంది" అని టికెట్ క్లోజ్ చేస్తాం. సర్వర్ బానే ఉండొచ్చు. కానీ యూజర్ చూసిందేమిటి? ఆ ప్రశ్న టికెట్‌తో పాటే పాతిపెట్టబడుతుంది. సైన్యాన్ని ఇందుకు తప్పు పట్టను. ముప్పు చూడటమే దాని ఉద్యోగం. ఆ ఉద్యోగం చేసేవాళ్ళకి ఈ డెస్కు అప్పగించినవాళ్ళని తప్పు పడతాను.

రెండో సమస్య ఇంకా ముదురు. చాలాసార్లు ఆ వెలుగు సొంతదారు సైన్యమే. 1953 జనవరిలో సీఐఏ కూర్చోబెట్టిన రాబర్ట్‌సన్ ప్యానెల్ ఈ రిపోర్టుల మీద జనానికున్న మోజు తగ్గించాలని, ఈ విషయం మీద పనిచేసే పౌర సంఘాల మీద ఓ కన్నేసి ఉంచాలని సిఫార్సు చేసింది. తర్వాత 1955 నుంచి యూ-2 గూఢచారి విమానాలు 60 వేల అడుగుల పైన ఎగరడం మొదలెట్టాయి. కింద చీకటి పడ్డా పైన వాటి రెక్కల మీద ఎండ తగిలి మెరిసేది. చూసినవాళ్ళు రిపోర్ట్ ఇచ్చేవాళ్ళు. బ్లూ బుక్ వాళ్ళు సీఐఏతో సరిచూసుకుని, నిజం చెప్పలేక, వాతావరణం అనో ఇంకేదో అనో చెప్పి పంపేవాళ్ళు. ఇది నేను కల్పించింది కాదు. 1997లో సీఐఏ సొంత చరిత్రకారుడు జెరాల్డ్ హైన్స్ రాసిందే. 1950ల చివరి నుంచి 1960ల దాకా వచ్చిన రిపోర్టుల్లో సగానికి పైగా ఇలాంటి విమానాలవేనని కూడా అన్నాడు. ఆ సగం లెక్కని కొందరు పరిశోధకులు ఒప్పుకోలేదు, అది వేరే సంగతి. తెలిసి తెలిసి తప్పు సమాధానం చెప్పారన్నది అసలు సంగతి. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు అనడం సైన్యం విషయంలో కొంచెం పెద్ద మాటే. కానీ ముద్దాయి ఇంట్లోనే పంచాయితీ పెట్టినట్టు అనడానికి నాకే మొహమాటం లేదు.

మనకూ ఇలాంటిది ఉంది. 2022 డిసెంబర్ 15 సాయంత్రం ఒడిశా తీరం దగ్గరి అబ్దుల్ కలాం దీవి నుంచి అగ్ని-5 క్షిపణిని పరీక్షించారు. అప్పుడే చీకటి పడుతోంది. బెంగాల్, ఒడిశా, ఝార్ఖండ్ జనం ఆకాశంలో టార్చిలైటు కొట్టినట్టు ఒక వెలుగుని చూసి ఫోన్లు తీశారు. కాసేపు దేశమంతా అదేమిటని చర్చ. ఆ దారిన విమానాలు రావద్దన్న హెచ్చరిక ముందే ఇచ్చారు. పైలట్లకి తెలుసు. పొలంలో నిలబడ్డ మనిషికి తెలియదు. వాడికోసం ఒక వాక్యం ఎవరూ రాయలేదు.

2023 నవంబర్ 19న ఇంఫాల్ ఎయిర్‌పోర్టు మీద ఏదో కనిపించిందని కొన్ని గంటలపాటు విమానాలు ఆపేశారు. రెండు రఫేల్ విమానాల్ని వెతకడానికి పంపారు. ఎయిర్‌పోర్టు నుంచి కళ్ళతో చూసి చెప్పినదాన్ని బట్టి స్పందించామని, ఆ చిన్న వస్తువు తర్వాత కనిపించలేదని వైమానిక దళం ప్రకటించింది. ఎయిర్‌పోర్టు వాళ్ళు చూస్తే రఫేల్ వస్తుంది. నాయుడుపేట బస్టాండు దగ్గర సోడాలమ్మే మనిషి చూస్తే? రఫేల్ పంపమని నేనడగడం లేదు. ఒక కాగితం, ఒక పెన్ను చాలు.

సైన్యం ఈ విషయంలో ఒక మంచి పని కూడా చేసింది, అది చెప్పకపోతే అన్యాయం. 2012 ఆగస్టు నుంచి 2013 ఫిబ్రవరి దాకా లదాఖ్‌లో, పాంగాంగ్ సరస్సు వైపు, మన సైనికులు 329 సార్లు గుర్తు తెలియని వెలుగుల్ని చూసి నమోదు చేశారు. వాటిలో 155 సార్లు అవి వాస్తవాధీన రేఖ దాటి వచ్చాయని రాసుకున్నారు. చైనా డ్రోన్లని అనుమానం. చివరికి భారత ఖగోళ భౌతిక సంస్థ శాస్త్రవేత్తల్ని అడిగితే వాళ్ళు తేల్చిందేమిటంటే ఒకటి శుక్రగ్రహం, ఇంకొకటి గురుగ్రహం. వార్త బయటికి రాగానే దేశమంతా నవ్వింది. చుక్కని చూసి డ్రోన్ అనుకున్నారని.

నాకందులో నవ్వు రాలేదు. శిక్షణ ఉన్న కళ్ళు, బైనాక్యులర్లు, శుభ్రమైన హిమాలయాల గాలి, ఇన్ని ఉండి కూడా శుక్రుణ్ణి పోల్చుకోలేదంటే, మామూలు మనిషి పోల్చుకోకపోవడం మూఢత్వం ఎలా అవుతుంది? కంటికి దూరం తెలియదు. చీకట్లో ఒంటరిగా ఉన్న వెలుగు గజం దూరంలో ఉందో కోటి మైళ్ళ దూరంలో ఉందో చెప్పే ఏర్పాటు మన తలకాయలో లేదు. అది జవానుకీ లేదు, ప్రొఫెసరుకీ లేదు. ఇంకో ముఖ్యమైన సంగతి. ఆ చిక్కు విడింది 329 సార్లు రాసిపెట్టారు కాబట్టే. రోజూ ఎన్నింటికి, ఏ దిక్కున అన్న వివరం ఉంటేనే ఖగోళ శాస్త్రవేత్త దాన్ని గ్రహాల లెక్కతో పోల్చగలడు. ఒక్కసారి చూసి వదిలేస్తే అది జీవితాంతం డ్రోనుగానో దెయ్యంగానో మిగిలిపోయేది. అక్కడ గెలిచింది నోటుబుక్కు. ఆ నోటుబుక్కు మామూలు జనానికి ఎందుకు లేదన్నదే నా ప్రశ్న.

నాది నాయుడుపేట. స్వర్ణముఖి ఒడ్డున, హైవే మీద, గూడూరుకీ సూళ్ళూరుపేటకీ మధ్య ఉంటుంది. 2022లో జిల్లాలు విడగొట్టాక కాగితాల్లో తిరుపతి జిల్లాలోకి పోయాం గానీ మాట ఇంకా నెల్లూరుదే. ఊరి నుంచి ఆగ్నేయంగా నేరుగా గీత గీస్తే సుమారు 40 కిలోమీటర్లకి శ్రీహరికోట తగులుతుంది. 1971 అక్టోబర్ 9న అక్కడినుంచి మొదటి రోహిణి రాకెట్ ఎగిరింది. 2025 జనవరి 29న వందో ప్రయోగం. అంటే మా వైపు మూడు తరాలవాళ్ళు ఆకాశంలోకి పోయే వెలుగుల్ని చూస్తూ పెరిగారు. మిద్దె ఎక్కి నిలబడితే ముందు వెలుగొస్తుంది. గాలి ఇటు మళ్ళితే ఉరుము లాంటి మోత రెండు నిమిషాలకి వస్తుంది. ధ్వని వేగం గురించి స్కూల్లో చదవకముందే మా పిల్లలకి ఆ సంగతి తెలుసు. "యాడ లేసింది, యాడికి బోయింది" అని అడిగితే మా అవ్వ చెయ్యి చాపి దారి గీసి చూపించేది. పులికాట్ మీద వేటకెళ్ళేవాళ్ళూ, రాకెట్లు రాకముందు నుంచీ ఆ దీవిలో బతికిన యానాదులూ ఆకాశాన్ని ఇంకా బాగా చదవగలరు. ప్రయోగం రోజున సముద్రంలోకి వెళ్ళొద్దన్న కబురు వాళ్ళకి ముందుగా వస్తుంది. అది వాళ్ళ కూలి సంగతి కాబట్టి వాళ్ళు ఆకాశాన్ని లెక్కబెట్టుకునే బతుకుతారు.

అలాంటి ప్రాంతం నుంచి ఎవరైనా "ఇది రాకెట్టు కాదబ్బా, ఇంకేందో" అని అంటే, ఆ మాటకి హైదరాబాద్ స్టూడియోలో కూర్చున్న యాంకర్ అరుపు కంటే ఎక్కువ విలువుండాలి. తెల్లవారుజామున ప్రయోగం జరిగితే ఏమవుతుందో మా వాళ్ళకి తెలుసు. 2022 ఫిబ్రవరి 14న 5:59కి పీఎస్ఎల్‌వీ లేచింది. అలాంటి వేళ నేలమీద చీకటిగా ఉంటుంది, పైకెళ్ళిన పొగకి మాత్రం సూర్యుడి వెలుగు తగులుతుంది. దూరపు జిల్లాలో దాన్ని చూసినవాడికి అదొక తెల్లటి తామరపువ్వు విచ్చుకున్నట్టు ఉంటుంది. ప్రయోగం ఉందని తెలియకపోతే వాడు జడుసుకోవడం సహజం. యూ-2 రెక్కల మీద మెరిసిందీ, అగ్ని-5 వెనక వెలిగిందీ ఇదే ఎండ.

ఇప్పుడు పేపర్ల భాష చూడండి. 2022 డిసెంబర్ 7న వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలం మొగిలిగుండ్లలో గుండ్రటి పెద్ద వస్తువు ఒకటి పొలాల్లో దిగింది. జనం పోగయ్యారు. "వింత వస్తువు", "భయభ్రాంతులకు గురైన స్థానికులు": వార్త ఇలాంటప్పుడు అచ్చయ్యే మూస ఇది. అసలు సంగతి, హైదరాబాద్‌లోని టాటా ఇన్‌స్టిట్యూట్ బెలూన్ కేంద్రం నుంచి ఒక స్పెయిన్ కంపెనీ తన అంతరిక్ష పర్యాటక క్యాప్సూల్ నమూనాని బెలూన్‌కి కట్టి పరీక్షించింది. పనిముట్లు కిందికి దిగితే ముట్టుకోకుండా పోలీసులకి చెప్పండని ఆ కేంద్రం ఏటా ప్రకటన ఇస్తుంది. అంటే వెలుగు చూసినా, వస్తువు దొరికినా చివరికి జనం పోవాల్సింది పోలీస్ స్టేషన్‌కే. మరి స్టేషన్‌లో రాయడానికి ఒక ఫారం ఉండకూడదా? "భయభ్రాంతులు" అన్న ఆ మాట మీదే నా కోపం. చుట్టూ చేరి, ఫోటో తీసి, పోలీసులకి కబురు పెట్టినవాళ్ళని సాక్షులు అంటారు. మన పత్రికా భాషలో పల్లెటూరి మనిషి ఆకాశాన్ని చూస్తే సాక్షి కాడు, బెదిరినోడవుతాడు.

సాక్షి విలువ డబ్బుల్లో కూడా ఉంది. 2022 ఏప్రిల్ 2 రాత్రి మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలో ఒక పెద్ద లోహపు రింగు, గుండ్రటి సిలిండర్లు పడ్డాయి. ఇస్రో వాళ్ళు వెళ్ళి చూశారు. చైనా రాకెట్ భాగాలని నిపుణులు పోల్చారు. అది ఇంటి మీద పడి ఉంటే? 1972లో అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం, ప్రయోగించిన దేశం నష్టపరిహారం కట్టాలి. 1978లో సోవియట్ ఉపగ్రహం కాస్మోస్ 954 కెనడాలో పడితే 1981లో 30 లక్షల కెనడా డాలర్లకి సెటిలయ్యింది. ఏ దేశపు ముక్కో తేలాలంటే ఎన్ని గంటలకి, ఎటు నుంచి ఎటు పోయిందో చూసినవాళ్ళు చెప్పాలి. ఆ చూసినవాళ్ళని నవ్వి పంపేస్తే దావా ఎవరు వేస్తారు, దేంతో వేస్తారు?

మరి ఏం చెయ్యాలి? కొత్తగా కనిపెట్టాల్సింది లేదు. ఫ్రాన్స్ 1977లోనే ఈ పనిని సైన్యానికివ్వకుండా తన అంతరిక్ష సంస్థకి ఇచ్చింది. అక్కడ పౌరుడు చూసింది చెబితే పోలీసులు వాంగ్మూలం రాస్తారు. అంతరిక్ష సంస్థలోని చిన్న బృందం పరిశీలిస్తుంది. ప్రతి కేసుకీ ఒక గ్రేడు: తేలింది, దాదాపు తేలింది, సమాచారం చాలదు, సమాచారముండీ తేలలేదు. 2007 నుంచి పేర్లు తీసేసి ఫైళ్ళని జనం ముందు పెడుతున్నారు. నాకన్నిటికంటే నచ్చింది మూడో గ్రేడుకీ నాలుగో గ్రేడుకీ మధ్య పెట్టిన గీత. "నువ్వు చెప్పింది చాలలేదు" అనడం వేరు, "నువ్వు సరిగ్గానే చెప్పావు, మాకే తెలియలేదు" అనడం వేరు. ఆ రెండో వాక్యం మన దేశంలో ఏ ఆఫీసు నోటినుంచైనా విన్నారా?

మనకి అది ఇస్రోలో ఉండాలి. శ్రీహరికోటలో ఒకేసారి అనేక వస్తువుల్ని వెంబడించే రాడార్ ఉంది. అంతరిక్షంలోని చెత్తని గమనించడానికి బెంగళూరులో 2022లో ప్రారంభించిన కేంద్రం ఉంది. ఏ ఉపగ్రహం ఎప్పుడు ఎక్కడినుంచి పోతుందో లెక్క ఉంది. స్టార్‌లింక్ ఉపగ్రహాలు రైలుపెట్టెల్లా వరసగా పోతే అవేనని ఒక్క నిమిషంలో చెప్పగలిగే మనుషులున్నారు. లేనిదల్లా జనం వైపు తెరిచిన ఒక కిటికీ.

అభ్యంతరాలు తెలుసు. రహస్య పరీక్షలు బయటపడతాయంటారు. "ఇది మన దేశానిదే, వివరాలు చెప్పలేం" అన్న ఒక్క వాక్యం చాలు. అబద్ధం చెప్పడం కంటే అది గౌరవం, జనం మనం అనుకున్నంత అమాయకులు కాదు. చెత్త రిపోర్టులు వరదలా వస్తాయంటారు. వస్తాయి. వాటిలో ఎక్కువ శుక్రుడూ, స్టార్‌లింకూ, పెళ్ళిళ్ళలో వదిలే దీపాలే అవుతాయి. అలా తేల్చి చెప్పడమే కదా ఆ ఆఫీసు పని! ఇక హేతువాద మిత్రులు, మూఢనమ్మకానికి ప్రభుత్వ ముద్ర వేసినట్టవుతుందంటారు. నాకు అన్నిటికంటే విచిత్రంగా అనిపించేది ఈ అభ్యంతరమే. ప్రశ్న అడిగినవాడికి జవాబు చెప్పకుండా నవ్వడం హేతువాదమని ఎవరు నేర్పారు? జవాబు దొరకని చోటే బాబాలూ, యూట్యూబ్ ఛానళ్ళూ మొలుస్తాయి.

ఆ ఆఫీసు వచ్చేదాకా చూసినవాళ్ళు చెయ్యగలిగిన పని ఒకటుంది. టైము రాయండి. దిక్కు రాయండి. చెయ్యి పూర్తిగా చాపి పిడికిలి పట్టుకుంటే ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు, దిగంతం నుంచి ఎన్ని పిడికిళ్ళ ఎత్తో రాయండి. ఎంతసేపు ఉందో, మినుకుమందో లేదో, మోత వచ్చిందో లేదో రాయండి. పక్కన ఎవరున్నారో రాయండి. చివర్లో "ఏమిటో తెలియదు" అని రాసి సంతకం పెట్టండి. ఆ కాగితాన్ని తీసుకుని రసీదు ఇవ్వాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. గుర్తు తెలియని శవానికి ఇచ్చే మర్యాద, గుర్తు తెలియని వెలుగుని చూసిన బతికున్న మనిషికి ఇవ్వమని అడగడం అత్యాశేం కాదు.